తమ డయాలసిస్ వంతు మా నాన్నగారికి ఇచ్చిన ఆ భార్యాభర్తలకు

నాన్నగారు బాగున్నారు. ముందు ఈ మాట చెప్పాలి, వారం రోజులుగా ఫోన్ చేసినవాళ్ళందరికీ సగం సగం జవాబులే ఇచ్చాను. నిన్న సాయంత్రం ఇంటికి తీసుకొచ్చాం. రాత్రి వెల్లకిలా పడుకుని నిద్రపోయారు. డయాలసిస్ మనిషి ఉన్న ఇళ్ళలో వాళ్ళకి వెల్లకిలా పడుకోవడం అంటే ఏమిటో తెలుసు. నాకే ఇంకా కంటి మీదకి కునుకు రావడం లేదు. రాసేదాంట్లో ముందూ వెనకా అయితే ఏమీ అనుకోకండి.

మాది గోదావరి మధ్యనున్న లంక ఊరు. మామూలు రోజుల్లో కాజ్‌వే మీద నుంచి ఆటోలు వస్తాయి, వరదొస్తే పడవే గతి. భద్రాచలంలో నీటిమట్టం 48 అడుగులు దాటిందని టీవీలో చెప్పగానే మా ఊళ్ళో ఎవరి సర్దుడు వాళ్ళు మొదలుపెడతారు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది. రెండోది వచ్చేసరికి మా కాజ్‌వే నీళ్ళ కింద ఉంటుంది. 2022 జూలైలో బ్యారేజీ నుంచి 25 లక్షల క్యూసెక్కులు పైనే వదిలినప్పుడు ఇంట్లోకే నీళ్ళొచ్చాయి. అప్పటికి నాన్నగారికి డయాలసిస్ లేదు, మందులతో నడుస్తోంది. బియ్యం బస్తాలు మంచాల మీదకి ఎక్కించింది ఆయనే. 1986 వరద చూసిన మనిషిని, ఇదొక లెక్కా అన్నారు ఆ రోజు.

ఇప్పుడలా కాదు. వారానికి మూడుసార్లు, వెళ్ళిన ప్రతిసారీ నాలుగు గంటలు మిషన్ మీద ఉండాలి. ఒక్కటి తప్పితే ఒంట్లో నీరు చేరి ఊపిరితిత్తుల్లోకి వస్తుంది. ఈసారి సరిగ్గా మా వంతు రోజే కాజ్‌వే మునిగింది. ఆ రోజు గాలివానకి పడవలు తియ్యలేదు. రాత్రంతా నాన్నగారు మంచం మీద కూర్చుని, దిండు పొట్టకి హత్తుకుని, ముందుకి వంగి ఊపిరి తీసుకున్నారు. పడుకోబెడితే ఆయాసం. ఆయన గొంతు తడపడానికి ఐసుముక్క ఇవ్వాలన్నా భయం, ఎన్ని చుక్కలు లోపలికి పోతాయో అని. తెల్లారగానే పడవ మీద ఒడ్డు దాటాం. మేము ఎప్పుడూ వెళ్ళే సెంటరు వైపు రోడ్డు మునిగిపోయిందని, 108 వాళ్ళు ఇంకో ఊళ్ళో ఉన్న సెంటరుకి తీసుకెళ్ళారు.

అక్కడ మిషన్లన్నీ నిండిపోయి ఉన్నాయి. వరద వల్ల అన్ని ఊళ్ళవాళ్ళూ అక్కడికే వచ్చారు. పైగా మా పేరు వాళ్ళ లిస్టులో లేదు. పాత సెంటరు నుంచి కాగితం కావాలన్నారు, ఆన్‌లైన్‌లో అప్రూవల్ రావాలన్నారు, వేలిముద్ర వెయ్యమన్నారు. నాన్నగారి వేళ్ళు జీవితమంతా మట్టిలోనూ పలుపుతాళ్ళ మీదా అరిగిపోయినవి. ముద్ర పడలేదు. మనిషి ఎగశ్వాసతో ఉంటే, వేలు కడిగి మళ్ళీ పెట్టమన్నారు. మళ్ళీ తుడిచి పెట్టమన్నారు. కంప్యూటర్ ముందు కూర్చున్న అబ్బాయిని నేను తప్పుపట్టడం లేదు, అతని చేతిలో ఏమీ లేదు. కానీ ఎవరి చేతిలో ఉందో నాకిప్పటికీ తెలియదు.

అప్పుడు వరండాలో బల్ల మీద నుంచి ఆవిడ లేచింది. పేరూ ఊరూ రాయొద్దంది కాబట్టి రాయను. రాజోలు వైపు వాళ్ళు. యాభై దాటి ఉంటాయి. వాళ్ళాయన అప్పుడే కాటా మీద నిలబడి బరువు చూయించుకున్నాడు, లోపలికి పిలిచారు, చెప్పులు కూడా విప్పేశాడు. ఆవిడ నా వైపు చూడలేదు, నాన్నగారి పెదాలు చూసింది. నేరుగా టెక్నీషియన్ దగ్గరికెళ్ళి, "మా ఆయనది రాత్రికి పెట్టండి బాబూ, ముందు ఈయన్ని ఎక్కించండి" అంది. అలా కుదరదని అతను అంటుంటే, వాళ్ళాయన మళ్ళీ చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుంటూ, "ఆయ్, నాకేం తొందర లేదండి. నా కాళ్ళు చూడండి, వాపు కూడా లేదు" అన్నాడు. వాపు ఉంది. పాంటు మడత కింద చీలమండ మీద సాక్సు గీత లోతుగా పడి ఉంది, నేను చూశాను.

ఆయనకీ రెండు రోజుల గ్యాప్ తర్వాత వచ్చిన వంతే అది. ఆ వంతు వదులుకోవడం అంటే ఏమిటో ఆ వరండాలో అందరికీ తెలుసు. అందుకే ఎవరూ ఏమీ మాట్లాడలేదు. డ్యూటీ డాక్టరు వచ్చి నాన్నగారిని చూసి, అప్రూవల్ సంగతి తర్వాత చూద్దాం, ముందు కనెక్ట్ చెయ్యండి అన్నారు. ఆయనకి కూడా నా నమస్కారాలు.

నాలుగో గంటలో నన్ను మళ్ళీ కాగితాల కోసం కింద కౌంటర్‌కి పిలిచారు. క్యూలో ఉండగానే టైమైపోయింది. సూదులు తీశాక పది పదిహేను నిమిషాలు దూది పెట్టి నొక్కి పట్టుకోవాలి, లేకపోతే రక్తం ఆగదు. ఎప్పుడూ నేనే పట్టుకుంటాను. పరిగెత్తుకుంటూ పైకి వెళ్ళేసరికి ఆవిడ స్టూలు మీద కూర్చుని, రెండు వేళ్ళతో నాన్నగారి చెయ్యి పట్టుకుని, గోడ గడియారం చూస్తూ, యానాంలో ఈ ఎర్రనీటికి పులసలు పడ్డాయా లేదా అని ఆయనతో మాట్లాడుతోంది. ఆయన జవాబు చెబుతున్నారు. పూర్తి వాక్యాలు. ముందు రోజు నుంచి ఆయన నోట పూర్తి వాక్యం వినలేదు నేను. నేను పట్టుకుంటానంటే, "ఉండమ్మా, ఇంకా నాలుగు నిమిషాలుంది, మధ్యలో చెయ్యి మార్చకూడదు" అంది. తర్వాత ప్లాస్టరు వేస్తూ, "మరీ బిగించెయ్యకు. ఇక్కడ చెయ్యి పెడితే జుయ్‌మంటుంది చూడు, అది ఆగకూడదు" అని నా వేలు తీసి అక్కడ పెట్టింది. డయాలసిస్ కోసం చేతిలో కలిపిన రక్తనాళంలో రక్తం పారే అదురు అది. నాకు తెలిసిన విషయమే. అయినా పెట్టించుకున్నాను.

రాత్రి వాళ్ళాయన మిషన్ మీదుండగా వరండాలో పక్కపక్కన కూర్చున్నాం. అప్పుడు తెలిసింది ఆవిడ కువైట్‌లో చాలా ఏళ్ళు పనిచేసిందని. మా వైపు రాజోలు, మలికిపురం ప్రాంతాల్లో ఇంటింటికీ గల్ఫ్ కథ ఒకటి ఉంటుంది. ఈవిడ ఒక ముసలామెని చూసుకునేది. స్నానం చేయించడం, పక్క మార్చడం, పుండ్లు పడకుండా వీపుకి రాయడం, అన్నీ అక్కడే నేర్చుకున్నానంది. "మా అమ్మ పోతే ఫోన్‌లో చూశాను. పాస్‌పోర్టు వాళ్ళ దగ్గరుంది. ఆ రోజు కూడా ఆ ముసలామెకి కాళ్ళు ఒత్తాను" అంది. పంపిన డబ్బుతో పెంకుటిల్లు తీసి స్లాబు వేసుకున్నారట. తిరిగొచ్చిన కొన్నాళ్ళకే భర్తకి కిడ్నీలు పాడయ్యాయని తేలింది. ఇదంతా ఏడుస్తూ చెప్పలేదు. పప్పు ఎలా వండిందో చెప్పినట్టే చెప్పింది.

తర్వాత నా సంగతి అడిగింది. ఇది ఇక్కడ రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. మీలో చాలామందికి సగం తెలుసు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసేదాన్ని. 2020 లాక్‌డౌన్‌కి అందరిలాగే ఇంటికొచ్చి లాప్‌టాప్ ముందు కూర్చున్నాను. ఆ ఏడే నాన్నగారి రక్తంలో క్రియాటినిన్ పెరుగుతోందని, అంటే కిడ్నీలు దెబ్బతింటున్నాయని తెలిసింది. ఆఫీసుకి తిరిగి రమ్మని పిలిచినప్పుడు వెళ్ళలేదు. ఇప్పుడు అమలాపురంలో పిల్లలకి లెక్కలు చెప్పుకుంటున్నాను. పెళ్ళి చేసుకుందామనుకున్న మనిషి కొన్నాళ్ళు ఎదురుచూశాడు. లంకలో కాపురం చెయ్యమని నేను అతన్ని అడగలేను, నాన్నగారిని వదిలి రమ్మని అతను నన్ను అడగలేదు. ఇద్దరం మంచిగానే ఉన్నాం, అందుకే ఎవరినీ తిట్టుకోవడానికి కూడా లేకుండా పోయింది. ఇప్పుడతను అమెరికాలో ఉన్నాడు, ఒక పాప.

ఇన్నేళ్ళలో ఈ మాట చెబితే నాకు రెండే జవాబులు వచ్చాయి. కొందరు "బంగారం లాంటి ఉద్యోగం వదిలేశావే" అంటారు. కొందరు "నీలాంటి కూతురు ఉండాలమ్మా" అని చేతులు పట్టుకుంటారు. మొదటివాళ్ళకి కోపంతోనూ రెండోవాళ్ళకి సిగ్గుతోనూ తల ఊపడం అలవాటైపోయింది. ఆవిడ ఈ రెండూ అనలేదు. కాసేపు ఆగి, "బాధగా ఉంటదా?" అని అడిగింది.

"ఉంటుందక్కా" అన్నాను.

"ఉంటదిలే" అంది.

అంతే. క్యారేజీ విప్పింది. వాళ్ళాయన కోసం వండుకొచ్చిన ఆనపకాయ కూర, ముక్కలు ఉడకబెట్టి నీళ్ళు వంపేసి చేసినది, ఉప్పు లేనిది. మా ఇంట్లోనూ రోజూ అదే వంట. సగం అన్నం మూతలోకి తీసి నా చేతికిచ్చి, కొంగు ముడిలోంచి కాగితం పొట్లంలో మాగాయ ముక్క తీసి, "నువ్వు తినొచ్చుగా, నంజుకో" అంది. ఆ ముక్క ఆవిడ తన కోసం దాచుకున్నది. నేను మూత ఒళ్ళో పెట్టుకుని ఏడ్చేశాను. ఐసీయూ అన్నప్పుడు ఏడవలేదు, సంతకాలు పెట్టమన్నప్పుడు ఏడవలేదు. ఆవిడ ఊరుకో అనలేదు. పక్కనే కూర్చుని తన అన్నం తను తింది.

ఆ మాటతో నా బాధంతా తీరిపోయిందని చెప్పను. మొన్న కూడా పాత సహోద్యోగి ఒకామె ప్రమోషన్ ఫోటో చూసి చాలాసేపు ఫోన్ పక్కన పెట్టలేకపోయాను. కానీ బాధ ఉండటం వల్ల నేను నాన్నగారికి తక్కువ కూతుర్ని కాను అని ఆ రాత్రి నుంచి నాకు అనిపిస్తోంది. అక్కా, మీరు ఇది చదవరు, మీ అబ్బాయి చదివి వినిపిస్తాడని రాస్తున్నాను. మా ఇంట్లో మీరు ఆడపడుచు లెక్క. వరద తీశాక మీరిద్దరూ రావాలి. బొండాలు దింపి ఇద్దామంటే ఇంటి పెద్దలిద్దరికీ ఒంట్లో పొటాషియం పెరుగుతుందని భయం. రావులపాలెం మార్కెట్‌కి గెలలు పంపిన నాన్నగారు అరటిపండు ముట్టరు, కొబ్బరితోటలో ఉండి బొండాం నీళ్ళు తాగరు. కాబట్టి మీకు మాగాయ పెట్టి ఉంచుతాను.

అమ్మకీ, తమ్ముడికీ, మరదలికీ వేరే చెప్పక్కర్లేదు. సెలవు దొరక్కపోయినా తమ్ముడు వైజాగ్ నుంచి బైక్ మీద వచ్చేశాడు.

అధికారుల్లో ఎవరైనా ఇది చూస్తే ఒక్క మాట. వరద హెచ్చరిక రాగానే లంక గ్రామాల్లో నెలలు నిండిన గర్భిణులను ముందే ఆసుపత్రులకి తరలిస్తారు. చాలా మంచి పని, మా వీధిలో అమ్మాయి క్షేమంగా కనింది. అలాగే డయాలసిస్ వాళ్ళ జాబితా కూడా ఎందుకు ఉండకూడదు? ఆశా కార్యకర్తని అడిగితే ఒక్క పూటలో రాసిస్తుంది, ఎవరింట్లో ఎవరున్నారో ఆమెకి తెలుసు. మొదటి హెచ్చరిక నాటికే మమ్మల్ని ఒడ్డు దాటించి, దగ్గర్లో ఏ సెంటరులో ఖాళీ ఉంటే అక్కడ ఎక్కించండి. వరద రోజుల్లో వేలిముద్ర పడకపోతే ఆధార్ కార్డు చూసి కానివ్వండి. వంతెన సంగతి అడగను. నా చిన్నప్పటి నుంచీ కొలతలు తీసుకుని వెళుతూనే ఉన్నారు. కానీ ఈ జాబితాకి సిమెంటూ ఇనుమూ అక్కర్లేదు కదండీ. ఆ రోజు ఆ భార్యాభర్తలు బల్ల మీద నుంచి లేవకపోతే ఏమయ్యేదో నేను ఆలోచించలేకపోతున్నాను. రోగి తన వంతు ఇంకో రోగికి వదులుకోవలసిన పరిస్థితి ఎందుకు రావాలి?

పోస్ట్ పెట్టేశాక గుర్తొచ్చాయి, అందుకే మళ్ళీ కలుపుతున్నాను.

పడవ నడిపిన అన్నదమ్ములిద్దరికీ. డబ్బులు తీసుకోలేదు, నాన్నగారిని కుర్చీతో సహా ఎత్తి పడవలో పెట్టారు, ఒడ్డున మోకాళ్ళ లోతు బురదలో మళ్ళీ ఎత్తారు.

108 డ్రైవర్‌గారికీ, ఆక్సిజన్ పెట్టిన అబ్బాయికీ. దారిలో రోడ్డు మీద నీళ్ళున్న చోట దిగి, ముందు నడిచి లోతు చూసి బండి పోనిచ్చారు.

సెంటరు టెక్నీషియన్లకి. ఇళ్ళలోకి నీళ్ళొచ్చినవాళ్ళు కూడా డ్యూటీకి వచ్చారు, రాత్రి అదనపు షిఫ్టు నడిపారు. ఇది ముందే రాయాల్సింది.

రక్తం గడ్డకట్టకుండా వాడే హెపారిన్, ఇంజెక్షన్లు అప్పుగా ఇచ్చిన మందుల షాపు బాబుకి. రేపు పంపిస్తాను.

నా క్లాసులు చూసుకున్న ఫిజిక్స్ సారుకి. పరీక్ష పేపర్లు కూడా దిద్దిపెట్టారట.

మా ఆవునీ దూడనీ ఏటిగట్టు మీదకి తోలి మూడు పూటలా గడ్డి వేసిన ఎదురింటి బాబాయిగారికీ పిన్నిగారికీ.

ఇంకొకటి. ఆసుపత్రి దగ్గర కరెంటు పోయినప్పుడు నాకు టార్చిలైటు ఇచ్చిన వాళ్ళెవరో మొహం కూడా సరిగ్గా చూడలేదు. మీ లైటు నా దగ్గరే ఉండిపోయింది. పసుపు రంగుది, పిడికి నల్ల తాడు కట్టి ఉంది. ఎల్లుండి మళ్ళీ అదే సెంటరుకి వస్తున్నాం, కౌంటర్ దగ్గర ఇచ్చి పెడతాను, తీసుకోండి.