'ప్రేమించుమన్నా'లో అన్న ఎవరు?

తల్లిదండ్రులకు నమస్కారం.

మన బడి మెట్ల పక్క గోడ మీద గురజాడ అప్పారావు గారి 'దేశభక్తి' గేయం పాదాలు ఉన్నాయి, మీరూ చూసే ఉంటారు. పోయిన నెల ఏడో తరగతి అమ్మాయి ఒకతె అక్కడే నన్ను ఆపి అడిగింది: "మేడమ్, 'దేశమును ప్రేమించుమన్నా' అని సగంలో ఆపేశారేంటి? ప్రేమించమన్నా ఎవరూ వినలేదా?"

"అమ్మ తినమన్నా తినలేదు" అంటాం కదా, ఆ లెక్కన చదివింది. ఇప్పటి వాడుకలో ఆ మాట అలాగే వినిపిస్తుంది. రోజూ వందల మంది దాటిపోయే గోడ దగ్గర అర్థం కోసం ఒక పిల్ల ఆగినందుకు నాకెంత సంతోషం వేసిందో!

విడదీస్తే ప్రేమించుము + అన్నా, ఉత్వ సంధి. మన హైదరాబాద్‌లో ఆటో ఆపుతూ పిలుస్తామే, ఆ 'అన్నా'నే ఇది. తర్వాతి పాదం 'మంచి అన్నది పెంచుమన్నా'లో చిక్కు ఇంకా ఎక్కువ. మొదటి 'అన్న' 'అను' క్రియ నుంచి వచ్చింది, మంచి అనేది అని. చివరిది మళ్లీ పిలుపే. బోర్డు మీద రాసి చూపిస్తే క్లాసంతా ఒక్కసారిగా "ఓ!" అన్నారు.

'గట్టి మేల్ తలపెట్టవోయ్' దగ్గర మా పెయింటర్, తప్పు పడిందనుకుని, 'మేలు' అని దిద్దాడు. మళ్లీ మార్పించాం. ఈ గేయం ఛందస్సు ముత్యాల సరం. దాని నడక మూడు, నాలుగు మాత్రలది (మాత్ర అంటే ఒక హ్రస్వాక్షరం పలికేంత సేపు). 'మేల్ తల' నాలుగు మాత్రలు, 'మేలు తల' అయిదు. చప్పట్లు కొడుతూ పాడితే తేడా చెవికే తెలుస్తుంది. 1910 నాటి ఈ గేయంలో గ్రాంథికపు 'ప్రేమించుము', వాడుక మాట 'కట్టిపెట్టోయ్' పక్కపక్కనే ఇమిడిపోవడం కూడా ఆ నడక వల్లేనని నా నమ్మకం.

మరో మాట. 'దేశభాషలందు తెలుగు లెస్స' చదివి, ఇంగ్లీషు 'లెస్' గుర్తొచ్చి, తెలుగు తక్కువని అనుకునే పిల్లలున్నారు. లెస్స అంటే మేలైనది. పోస్టర్లలో దాని కింద శ్రీకృష్ణదేవరాయల పేరు వేస్తారు. ఆయన రాసిన ఆముక్తమాల్యదలో ఆ మాట అనేది మాత్రం రాయల కలలో కనబడ్డ ఆంధ్రవిష్ణువు అనే దేవుడు.

ఆగస్టు 29 గిడుగు రామమూర్తి గారి జయంతి, తెలుగు భాషా దినోత్సవం. ఆ రోజుకి ప్రతి ఒక్కరూ తమకు అర్థం కాని పద్యపాదం ఒకటి తేవాలి. ఫోన్‌కి వచ్చిన బొమ్మలోంచి కాదు, పుస్తకంలో చూసి, ముందూ వెనకా పాదాలతో సహా రాయించండి. ఇంట్లో తాతయ్యలు, నానమ్మలు, అమ్మమ్మలు ఉంటే ముందు వాళ్లని అడగనివ్వండి.

మీ
ప్రధానోపాధ్యాయురాలు