ఎర్ర మూత, ఆరెంజ్ మూత, మా కండక్టర్ గారు

పొద్దున్న ఆరున్నర. బూచి నా కాళ్ల దగ్గర పడుకుని గురక పెడుతోంది. ఏడింటికి దానికి అన్నం, తిన్నాక ఇంజెక్షన్. ఈ అరగంటలో రాయకపోతే ఇంకెప్పటికీ రాయను, అందుకే ఎలా వస్తే అలా రాసేస్తున్నాను. పదకొండు రోజులుగా సరైన నిద్ర లేదు, తప్పులుంటే సర్దుకుని చదువుకోండి.

బూచి అంటే మా నల్లకుక్క. నాటుదే. రాష్ట్రం విడిపోయిన వేసవిలో, 2014లో, విజయవాడ సత్యనారాయణపురంలో మా మెట్ల కింద దొరికింది. అందుకే దాని వయసు మా ఇంట్లో ఎవరూ మర్చిపోరు. ఇప్పుడు మూతి అంతా తెల్లబడిపోయింది. పేరుకే బూచి, బల్లిని చూసినా సోఫా కింద దూరుతుంది.

శివరాత్రి వెళ్లాక నీళ్లు తాగడం ఎక్కువైంది. ఎండలు మొదలయ్యాయి కదా అనుకున్నాం. తర్వాత గిన్నె చాలక బక్కెట్లో మూతి పెట్టడం మొదలెట్టింది. పుట్టి బుద్ధెరిగి ఇంట్లో తడపని కుక్క హాల్లో, వంటింట్లో, మంచం పక్కన ఎక్కడపడితే అక్కడ పోసేది. పోసి, తప్పు చేసినట్టు మూలకు పోయి నిలబడేది. తిండి బాగానే తినేది, అయినా పక్కటెముకలు లెక్కపెట్టేలా చిక్కిపోయింది. రక్తపరీక్ష చేయిస్తే షుగర్ 430. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించని ఆడకుక్కలకి ఎదకొచ్చి వెళ్లాక ఈ జబ్బు బయటపడుతుందట. చిన్నప్పుడే చేయించమని చెప్పారు ఒకాయన. "పాపం, కోత ఎందుకులే" అన్నది నేనే. ఆ మాట ఇప్పటికీ గుచ్చుతూనే ఉంది.

మాత్రలు ఉండవా అని అడిగాను. కుక్కలకి మాత్రలు పనిచెయ్యవు, ఇన్సులినే, పన్నెండు గంటలకోసారి, బతికున్నంత కాలం అన్నారు డాక్టర్ గారు. కుక్కల కోసం చేసే ఇన్సులిన్ వేరే ఉందట. నేను తిరిగిన షాపుల్లో ఎక్కడా లేదు, "కుక్కకా?" అని నవ్విన వాళ్లు మాత్రం ఇద్దరున్నారు. చివరికి మనుషులకు వేసేదే రాశారు. ఐదు యూనిట్లతో మొదలుపెట్టి, తగ్గకపోతే ఆరు, తర్వాత ఎనిమిది, తర్వాత పది. అయినా నీళ్లు తాగడం తగ్గలేదు. నాకేమో రోజూ పొద్దున్నా సాయంత్రం చెయ్యి వణుకుతూనే ఉంది, ఫలితం మాత్రం లేదు.

ఇంక ఆ రాత్రి సంగతి. మావారు హైదరాబాదులో అమ్మాయి దగ్గర ఉన్నారు. రోహిణీ కార్తె ఎండకి బూచి సాయంత్రం సగం అన్నమే తింది. నేను మామూలుగా పది యూనిట్లూ వేసేశాను. పదిన్నరకి కరెంటు పోయింది. పదకొండున్నరకి అది లేచి రెండడుగులు తూలి, పక్కకి పడి, కాళ్లు కొట్టుకోవడం మొదలెట్టింది. నోట్లోంచి నురగ. నాలుగు నంబర్లకి ఫోన్ చేశాను. రెండు స్విచ్చాఫ్, ఒకటి ఎత్తలేదు, నాలుగో ఆయన "పొద్దున్నే తీసుకురండమ్మా" అన్నారు. మా అబ్బాయిని బూచి దగ్గర కూర్చోబెట్టి, చెప్పుల్లేకుండా సందు చివర మెడికల్ షాపుకి పరిగెత్తాను.

షాపు షట్టర్ సగం దించేశారు. కరెంటు లేదు కదా, గాలికి మెట్ల మీద ఒక పెద్దాయన కూర్చుని ఉన్నారు. లుంగీ, బనీను, భుజం మీద తువ్వాలు. నేను షాపబ్బాయితో "కుక్కకి ఫిట్స్ వచ్చాయి బాబూ, ఏదో ఒకటి ఇవ్వు" అంటున్నాను. పశువుల మందులు లేవండీ అంటున్నాడు వాడు. పెద్దాయన కూర్చున్న చోటు నుంచే అడిగారు.

"ఇన్సులిన్ వేస్తారామ్మా దానికి?"

మీకెలా తెలుసండీ అన్నాను. మా అబ్బాయి వచ్చి సిరంజీలు కొనడం చూశారట.

"ఎన్నింటికి వేశారు? అన్నం తిందా?"

సగమే తిందన్నాను. ఆయన లేచి తువ్వాలు విదిలించి, "షుగర్ పడిపోయిందమ్మా. ఒరే, గ్లూకోజ్ డబ్బా ఒకటి ఇవ్వు, డబ్బులు నేనిస్తా" అని నాకంటే ముందు నడిచారు. ఇల్లెక్కడో కూడా అడగలేదు.

సెల్‌ఫోన్ వెలుతురులో బూచి పక్కన కూర్చున్నారు. నేను గ్లాసులో గ్లూకోజ్ కలిపి నోట్లో పొయ్యబోతే నా చెయ్యి పట్టుకుని ఆపారు. స్పృహ లేనప్పుడు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుందన్నారు. పొడిలో నాలుగు చుక్కల నీళ్లు వేసి ముద్దలా చేసి, బూచి పెదవి పైకెత్తి, చిగుళ్ల మీద వేలితో రుద్దారు. పళ్ల మధ్యకి వేలు పోనివ్వకుండా, బయటివైపే. మళ్లీ రుద్దారు. ఆయన చెయ్యి నా చెయ్యికంటే ఎక్కువ వణుకుతోంది. వయసు కదా అనుకున్నాను.

పది నిమిషాలైందో, ఇరవై అయిందో. బూచి నాలుక బయటపెట్టి ఆయన వేలు నాకింది. ఆయన ఠక్కున చెయ్యి వెనక్కి లాక్కున్నారు, కళ్లు గట్టిగా మూసుకున్నారు. తర్వాత మళ్లీ చెయ్యి చాపారు.

ఇంటికెళ్లి తన షుగర్ మీటర్ తెచ్చారు. "మనకైతే వేలు, దీనికేది?" అని ఆలోచిస్తుంటే మా అబ్బాయి, డాక్టర్ గారు చెవి అంచున పొడిచేవారని గుర్తు చేశాడు. 52 వచ్చింది, అదీ అంత గ్లూకోజ్ పట్టించాక. అప్పటికి లేచి కూర్చుంది కదా, గండం గడిచిందనుకున్నాను. ఆయన కదల్లేదు. "లేచిందని నమ్మకూడదమ్మా. లోపల మందు ఇంకా పనిచేస్తూనే ఉంటుంది, మళ్లీ పడేస్తుంది. నాకు రెండుసార్లు అయింది" అన్నారు. కాస్త అన్నం, ఉడికించిన గుడ్డు పెట్టించారు. రెండింటికి మళ్లీ పడింది, 60కి. మళ్లీ గ్లూకోజ్, మళ్లీ అన్నం. మూడున్నరకి 140 చూశాక లేచారు. మంచినీళ్లు తప్ప ఏమీ తీసుకోలేదు.

ఆయన పేరు రాయొద్దన్నారు. రిటైరైన ఆర్టీసీ కండక్టర్. ఎక్కువకాలం తిరువూరు వైపు బస్సుల్లో చేశారట. షుగర్ వచ్చి ఇరవై ఎనిమిదేళ్లు.

పొద్దున్న ఆరింటికే మళ్లీ గుమ్మంలో నిలబడి, "ఆ సిరంజీలు ఒకసారి చూపించమ్మా" అన్నారు. పాతవీ కొత్తవీ రెండూ తెచ్చి బల్ల మీద పెట్టాను. పాతవాటికి ఆరెంజ్ మూతలు. ముందురోజు పాత షాపులో అయిపోయాయంటే వేరేచోట తెచ్చినవాటికి ఎర్ర మూతలు. ఆయన సీసా తిప్పి చూశారు. మిల్లీలీటరుకి 40 యూనిట్లు అని ఉంది. ఈ సీసాకి ఎర్ర మూత సిరంజీయే వాడాలి. ఆరెంజ్ మూతది 100 యూనిట్ల మందుకి. అంటే ఇన్నాళ్లూ నేను పది గీత దాకా తీసి, పది వేశాననుకుంటే బూచికి వెళ్లింది నాలుగే. అందుకే షుగర్ తగ్గలేదు. తగ్గలేదనే పెంచుకుంటూ పోయాం. ఆ రోజు సాయంత్రం ఎర్ర మూతతో నిజంగా పది పడేసరికి, దానికి అలవాటైనదానికి రెండున్నర రెట్లు, అదీ సగం కడుపుకి. అంతే.

ఇది చెప్పడానికి డిగ్రీలు అక్కర్లేదు. మందులచీటీలో ఏ సిరంజీయో రాయలేదు. సీసా అమ్మినవాళ్లు, పక్కనే సిరంజీ అమ్మినవాళ్లు, రెండూ జతకుదురుతాయో లేదో చూడలేదు. మూడు నెలల్లో "ఏ సిరంజీ వాడుతున్నారు" అని ఒక్కరూ అడగలేదు, అడగాలని నాకూ తెలియలేదు. మనుషులకీ ఇవే సిరంజీలు కదా, ఎంతమందికి ఇలా అవుతోందో! లక్షల మంది ఉన్న ఊళ్లో రాత్రి తొమ్మిది దాటితే మూగజీవానికి నేను పిలవగలిగిన దిక్కు ఒక్కటీ లేదు. జబ్బులన్నీ ఆఫీసు టైములోనే రావాలి కాబోలు. సరే, కోపంలో ఇంకేదో రాసేస్తాను, ఇక్కడితో ఆపుతాను.

ఆయన సంగతి ఇంకా ఉంది. కరెంటు కోతలకి ఫ్రిజ్‌లో మందు పాడవుతుందేమోనని నేను భయపడుతుంటే, మర్నాడు సంచిలో ఒక మట్టికుండ, అందులో పట్టే చిన్న మట్టిపిడత తెచ్చారు. రెంటి మధ్య తడి ఇసుక, పిడతలో పొడి డబ్బా, డబ్బాలో సీసా, పైన తడిగుడ్డ. నైట్ హాల్ట్ బస్సుల్లో పల్లెల్లో పడుకున్న రోజుల్లో ఆయన మందు ఇలాగే దాచుకునేవారట. సీసాని కుదపకుండా రెండు అరచేతుల మధ్య మెల్లగా దొర్లించాలని, వీపు మీద ఒకేచోట కాకుండా రోజుకోచోట పొడవాలని కూడా పట్టి నేర్పించారు. పొడవడం అయ్యాక "రైట్ రైట్" అనేవారు. ఇప్పుడు బూచి ఆ మాట వింటేనే లేచి ఒళ్లు దులుపుకుంటోంది. దాని కళ్లలో ఈ మధ్య తెల్లగా పొర వచ్చేసింది, షుగర్ ఉన్న కుక్కల్లో చాలావాటికి వస్తుందట. మనుషుల్ని ఇప్పుడు గొంతుతోనే పోల్చుకుంటోంది.

పదిరోజులు వరసగా ఏడింటికి వచ్చారు. మీటర్‌లో పెట్టే స్ట్రిప్పులకి డబ్బులు ఇవ్వబోతే మొదట వద్దన్నారు. బతిమాలి ఐదొందలు చేతిలో పెడితే, మర్నాడు ఎన్ని స్ట్రిప్పులు అయ్యాయో కాగితం మీద లెక్క రాసి, మిగిలింది పది రూపాయల నాణేలతో సహా తెచ్చి ఇచ్చారు. "చిల్లర ఎగ్గొట్టాడని ముప్పై ఏళ్లు తిట్లు తిన్నానమ్మా, ఇప్పుడు కూడా ఎందుకు" అన్నారు.

ఇన్ని రోజుల్లో నేను ఏడవలేదు. ఫిట్స్ వచ్చిన రాత్రి కూడా. మొన్న వాళ్లింటికి వెళ్లాను. షుగర్ ఉన్న మనిషికి స్వీట్లు తీసుకెళ్లలేం కదా, జామకాయలు తీసుకెళ్లాను. వాళ్లావిడ కాఫీ ఇస్తూ, "మీ ఇంట్లో కుక్క ఉందటగా, ఈయన ఎలా వస్తున్నారండీ? కుక్క కనబడితే వీధి మార్చే మనిషి" అన్నారు.

సర్వీసులో ఉండగా ఒక నైట్ హాల్ట్ ఊళ్లో, తెల్లవారుజామున బస్సు దిగుతుంటే పిక్క పట్టేసిందట ఒక కుక్క. అప్పట్లో బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లు. అన్నీ చేయించుకున్నారు. అప్పటినుంచి భయం. ఆ రాత్రి నురగ కక్కుతున్న కుక్క నోట్లో వేలు పెట్టి రుద్దిన మనిషి ఈయన. వణికింది వయసు వల్ల కాదు.

నాకు కాఫీ గొంతు దిగలేదు. వాళ్లింట్లో, ఆవిడ ముందు, చిన్నపిల్లలా ఏడ్చాను. ఆయన ఇబ్బందిగా పేపరు మడతపెడుతూ, "అదేం లేదమ్మా. ఈ ఇన్సులిన్ కనిపెట్టింది కుక్కల మీదేనట కదా, మా డాక్టర్ గారు ఎప్పుడో చెప్పారు" అన్నారు. ఇంటికొచ్చి చూశాను. నిజమే. 1921లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్ అనేవాళ్లు షుగర్ తెప్పించిన కుక్కల మీద ప్రయోగాలు చేసే మందు పట్టుకున్నారు, మరుసటి సంవత్సరం మనుషులకి వేశారు. ఆ కుక్కల్నీ తల్చుకున్నాను ఆ పూట.

అయ్యా కండక్టర్ గారూ, మీరు ఇది చదవరని తెలుసు, మీ మనవరాలు చదివి వినిపిస్తుందని ఆశ. మీకు నమస్కారం తప్ప నేనేం ఇవ్వగలను. బూచి ఇప్పుడు ఎర్ర మూతతో ఆరు యూనిట్ల మీద ఉంది. నిన్న షుగర్ 190. వారం రోజులుగా ఇల్లు తడపలేదు.

మావారు, అబ్బాయి, హైదరాబాదు నుంచి సెలవు పెట్టుకొచ్చిన అమ్మాయి, వీళ్లకి థాంక్స్ చెబితే తిడతారు, చెప్పడం లేదు.

ఆఁ, మర్చిపోయాను. షట్టర్ మళ్లీ ఎత్తి గ్లూకోజ్ ఇచ్చిన షాపబ్బాయి, డబ్బులు మర్నాడు దాకా అడగలేదు. పక్కఫ్లాట్ వాళ్లు, ఐస్ గడ్డలకి. గన్నవరం వెటర్నరీ కాలేజీలో బూచి చార్టు తన చేత్తో గీసి ఇచ్చిన హౌస్ సర్జన్ అమ్మాయి, పేరు అడగడం మర్చిపోయాను తల్లీ. మమ్మల్ని అక్కడిదాకా తీసుకెళ్లిన ఆటో అతను. సీటు తడిసిపోతే ఒక్కమాట అనకుండా తన తుండుగుడ్డ పరిచాడు.

అయ్యో, అసలు మనిషినే వదిలేశాను. మా పనావిడ. మూడు నెలలుగా రోజుకి నాలుగైదుసార్లు బూచి పోసిన చోటల్లా తుడిచింది ఆవిడ. వాసనకి నేను ముక్కు మూసుకునేదాన్ని, ఆవిడ మూసుకోలేదు. ఇదిగో ఇప్పుడే వచ్చింది, గేటు చప్పుడైంది. ఏడు కూడా అయింది. కుండలోంచి మందు తియ్యాలి.