నానమ్మ ముత్యాలు అప్పుడే ఇచ్చేయకండి

కోబె, జపాన్
ఆదివారం రాత్రి

అమ్మా,

నిన్న ఫోన్లో అందరూ ఒకేసారి మాట్లాడేసరికి నేను చెప్పాలనుకున్నది సగం కూడా చెప్పలేకపోయాను. అందుకే రాస్తున్నాను. చెల్లి చేత ప్రింట్ తీయించు. షాపుకి వెళ్లేటప్పుడు నాన్న జేబులో పెట్టు.

ముందు అసలు మాట. నానమ్మ మూడు పేటల ముత్యాల గొలుసు మార్చేసి, ఆ డబ్బు కలిపి చెల్లి పెళ్లికి కొత్త సెట్టు తీసుకుందామన్నారు కదా, అది మాత్రం ఇప్పుడే చేయకండి. టీ.నగర్ షాపతను "రంగు తిరిగిపోయాయి, కొక్కేనికున్న బంగారానికి తప్ప విలువ లేదు" అన్నాడట. పాత ముత్యానికి లేత పసుపు రావడం మామూలే. దాన్నిబట్టి విలువ లేదనడం కుదరదు. ఆ గొలుసు నానమ్మకి వాళ్ల అత్తగారు పెట్టింది. ఆ అత్తగారి పుట్టిల్లు తూత్తుకుడి. అక్కడ మన్నారు సింధుశాఖలో పాండ్యుల కాలం నుంచీ ముత్యాల వేట ఉండేది, 1961 తర్వాత ఆగిపోయింది. ఆ సముద్రంలో చిప్పలో దానంతటదే పుట్టిన ముత్యమైతే దాని విలువే వేరు. కాకపోవచ్చు కూడా. ఇక్కడి సాగు ముత్యాలు, అంటే మనుషులు చిప్పల్లో పెంచేవి, 1920ల నాటికే ఊరూరా తిరిగాయి. ఏ సంగతీ కంటితో చూసి తేల్చేది కాదమ్మా. రత్నాల ల్యాబులో ఎక్స్‌రే తీస్తే లోపల మనుషులు పెట్టిన గుండ్రటి పూస ఉందా, మధ్యదాకా పొరలేనా అన్నది తెలుస్తుంది. ముంబైలో, జైపూర్లో అలాంటి ల్యాబులున్నాయి. ఖర్చు నేను పెడతాను. రిపోర్టు వచ్చాక కూడా మార్చేద్దామంటే అప్పుడు మాట్లాడుకుందాం.

"మీ నానమ్మే ఇచ్చెయ్యమంది" అన్నావు. ఆవిడ ఎప్పుడు దేనికి వద్దంది చెప్పు?

భూకంపం వార్త చూసి నాన్న రాత్రంతా నిద్రపోలేదని చెల్లి చెప్పింది. అది ఇక్కడికి చాలా దూరం నాన్నా. మాకు ఫ్యాను కూడా ఊగలేదు. 1995లో ఈ ఊరికి పెద్ద దెబ్బ తగిలింది, ఆ తర్వాత కొత్తగా కట్టిన బిల్డింగులోనే నేనుంటున్నాను. టార్చి, నీళ్ల సీసాలు, పాస్‌పోర్టు ఒక సంచిలో సర్ది తలుపు పక్కనే పెట్టుకున్నాను. టెన్షన్ పడకండి.

ఆఫీసు మామూలే. పని ఎక్కువగానే ఉంది కానీ సెలవుకి ఒప్పుకున్నారు. చలి మొదలైంది. కందిపప్పు దొరుకుతోంది, నువ్వు పంపిన చింతకాయ పచ్చడి ఇంకా ఉంది. చిక్కిపోయానని మళ్లీ మళ్లీ అనకు, ఆ వీడియోలో అలా కనిపిస్తున్నానంతే.

పక్కింటావిడ గురించి చెప్పాను కదా, ముత్యాల కంపెనీలో రకాలు ఏరే పని చేసి రిటైరైన ఆవిడ. ఆదివారాలు టీకి పిలుస్తారు, చలికాలంలో కమలాపండ్లు సంచి నింపి ఇస్తారు. నీ వయసు కన్నా కొంచెం ఎక్కువే ఉంటుంది. ఆవిడ పక్కన కూర్చుంటే ఇంటి మీద బెంగ కాస్త తగ్గుతుంది. ముత్యాల గురించి నాకు తెలిసిందంతా ఆవిడ నేర్పిందే. కోబెలో కొండలు ఊరికి ఉత్తరాన ఉంటాయి. ఎండ సూటిగా పడని ఆ ఉత్తరపు వెలుగులోనే కిటికీ పక్కన కూర్చుని ముత్యాలు ఏరేవాళ్లట. షాపులో పసుపు లైట్ల కింద, నల్ల వెల్వెట్ ట్రేలో చూస్తే ప్రతిదీ బాగానే కనిపిస్తుంది. మీరు ఒక తెల్ల కాగితం తీసుకెళ్లండి. సెట్టుని దాని మీద పెట్టి, గుమ్మం దగ్గరికి తెచ్చి పగటి వెలుతురులో చూడండి. షాపువాళ్లు వద్దంటే ఆ షాపు వద్దు.

అమ్మా, నువ్వు ఫోటోలు పంపినప్పుడల్లా "ఇవి పెద్దవి, ఇవి చిన్నవి" అని రాస్తున్నావు. పరిమాణం ఆఖరున చూడు. ముందు చూడాల్సింది నిగారింపు. మంచి ముత్యంలో నీ మొహం, వెనక కిటికీ అంచులతో సహా కనిపిస్తాయి. తక్కువ రకంలో అదే కిటికీ చెదిరి తెల్లటి మసకలా ఉంటుంది. రెండు మూడు దండలు పక్కపక్కన పెట్టించి చూస్తే ఎవరికైనా తెలిసిపోతుంది. ఆ తర్వాత పైన గుంటలు, గీతలు, ఆకారం, అన్నీ ఒకదానికొకటి జత కుదిరాయా అన్నది. దండని బల్ల మీద నెమ్మదిగా దొర్లించు. దొర్లుతుంటే ముత్యం ఒకసారి వెలుగుగా ఒకసారి మాసినట్టుగా మారుతోందంటే పై పొర పలచగా ఉందని, లోపలి పూస కనబడుతోందని అర్థం. అది కొన్నేళ్లకే పెచ్చులూడుతుంది.

ఇక్కడి సముద్రపు ముత్యం పేరు అకోయా. అమెరికా నది ఆల్చిప్పల పెంకుతో గుండ్రటి పూస చేసి, ఇంకో చిప్ప కండ ముక్కతో కలిపి బతికున్న చిప్ప లోపల పెడతారు. ఏడాది, రెండేళ్లు సముద్రంలో ఉంచితే దాని చుట్టూ పొరలు పేరుకుంటాయి. చలికాలంలో తీస్తారు, ఎందుకంటే నీళ్లు చల్లగా ఉన్నప్పుడు పొరలు సన్నగా, నిండుగా పడి మెరుపు ఎక్కువొస్తుంది. మెరుపులో దీన్ని మించింది లేదని పక్కింటావిడ మాట, నాకూ అలాగే అనిపించింది. కాకపోతే పై పొర మందం మిల్లీమీటరులో సగానికి అటూ ఇటూ మాత్రమే. 2019లో చిన్న చిప్పలు ఇక్కడ కుప్పలుగా చనిపోయాయి, ఆ తర్వాత ధరలు బాగా పెరిగాయి.

పిన్ని హైదరాబాద్ నుంచి తెప్పిస్తానన్నవి చాలావరకు చైనా చెరువుల్లో పెంచే మంచినీటి ముత్యాలు. చైనావనగానే నాన్న మొహం అలా పెట్టారు గానీ, అవి నకిలీవి కావు. వాటిలో ఎక్కువ రకాలకి లోపల పూస ఉండదు, మధ్యదాకా ముత్యమే. మన ఊరి చెమటకి, తరచూ వేసుకోవడానికి అవే నయం. ఒక్కో ఆల్చిప్పలో పదుల సంఖ్యలో కాస్తాయి కాబట్టి ధర కూడా అందుబాటులో ఉంటుంది. తెలుపు, లేత గులాబీ, ఊదా వాటికి సహజమైన రంగులే. నల్లగా ఉంటే మాత్రం రంగు వేసినట్టే. పుట్టుకతో నల్లగా ఉండేవి తాహితీ దీవుల వైపు సముద్రపు ముత్యాలు, అవి మనం కొనేవి కావు. రంగు వేశారేమోనని అనుమానమొస్తే రంధ్రం దగ్గర భూతద్దంతో చూడండి, అక్కడ రంగు గడ్డకట్టి ఉంటుంది.

చెల్లికి నచ్చిన పెద్ద గుండ్ల దండ "సౌత్ సీ షెల్" అన్నాడట కదా. అది ముత్యం కాదు. చిప్ప పెంకుతోనో, దాని పొడితోనో పూస చేసి పైన పూత పూస్తారు. అసలు సౌత్ సీ ముత్యాలు ఆస్ట్రేలియా, ఇండోనేషియా, ఫిలిప్పీన్స్‌లో పండుతాయి, ఆ పరిమాణంలో అన్నీ ఒక్కలా ఉన్న దండ ఆ ధరకి రాదు. సరదాకి కొనుక్కుంటే కొనుక్కోనీ, పెళ్లి నగల లెక్కలో రాయొద్దు. బిల్లు మీద "కల్చర్డ్, మంచినీటి" అనో, "కల్చర్డ్, సముద్రపు" అనో రాయించండి, కల్చర్డ్ అంటే సాగు చేసినవని. "ఏఏఏ" అన్న అక్షరాలు చూసి డబ్బు పెంచొద్దు. దానికి అందరూ ఒప్పుకున్న కొలత ఏదీ లేదు, ఎవరి షాపులో వాళ్ల లెక్క.

నిరుడు ఇక్కడి టోబా అనే ఊరు వెళ్లినప్పుడు అక్కడి ద్వీపం చూశాను. మికిమోటో అనే ఆయన 1893లో మొదట సగం గుండ్రటి ముత్యం పండించింది అక్కడే. 1932లో ఆయన ఈ కోబెలోనే నాసిరకం ముత్యాలని జనం ముందు తగలబెట్టించాడట. ఎంత నష్టమైనా ఆ పని చేశాడంటే నాకు చాలా గౌరవం కలిగింది.

ఇంకో సంగతి. ఇది నానమ్మకి చదవకు. ఇక్కడ చావు ఇంటికి వెళ్లేటప్పుడు కూడా నల్ల బట్టల మీద ఒంటి పేట ముత్యాలు వేసుకుంటారు. మా ఆఫీసులో ఒకావిడ అలా వస్తే మొదటిసారి చూసి గతుక్కుమన్నాను. పెళ్లికి ఇక్కడి ముత్యాలు తేవచ్చా అని చాలా రోజులు ఆలోచించాను. వాళ్లు పెళ్లికీ అవే వేసుకుంటారు. మనం తలంబ్రాల్లో ముత్యాలు కలిపేవాళ్లం. ఎవరి పద్ధతి వాళ్లది, నాకిప్పుడు ఏ సందేహమూ లేదు. నీకుంటే చెప్పు, మానేస్తాను.

ఎందుకంటే చెల్లికి అకోయా ఒంటి పేట నేనే తెస్తున్నాను. ఏడు మిల్లీమీటర్లు, మెడకి సరిపోయే పొడవు. పక్కింటావిడ కూడా షాపుకి వస్తానన్నారు. ఖరీదు అడగకు. బిల్లుతో తెస్తాను, కస్టమ్స్ వాళ్లకి చూపించాల్సింది చూపిస్తాను. పెద్ద హారం, జుంకాలు మాత్రం మీరు అక్కడ మంచినీటి ముత్యాలతోనే తీసుకోండి. ఐదు పేటలు వద్దు, రెండు పేటలు చాలు, ఆ డబ్బుకి మంచి రకం వస్తుంది.

మేనత్త మాటలకి నువ్వు ఏడ్చావని తెలిసింది. పెద్దదాన్ని ఉంచి చిన్నదానికి చేస్తున్నారని ఎవరైనా అంటే, "మా పెద్దమ్మాయే ముందు చెయ్యమంది" అని గట్టిగా చెప్పు. అది నిజం కూడా. నేను ఎవరి మీదా కోపంతో అనలేదు, నా జీవితం ఆగిపోయిందనీ అనుకోవట్లేదు. చెల్లి పెళ్లిలో నేను తలెత్తుకునే తిరుగుతాను. నువ్వు తల దించుకుంటే మాత్రం తట్టుకోలేను.

నగ కొన్నాక ప్రతి ముత్యానికీ మధ్య ముడి వేయించండి, పట్టుదారంతో. తెగినా ఒక్కటే పడుతుంది. నువ్వు బంగారాన్ని కుంకుడుకాయ రసంలో నానబెట్టినట్టు వీటిని నానబెట్టొద్దు, దారం సాగిపోతుంది. వేసుకుని తీశాక మెత్తటి గుడ్డతో తుడిస్తే చాలు. సెంటు, హెయిర్ స్ప్రే, పూలు అన్నీ అయ్యాకే ముత్యాలు పెట్టమని ఆ బ్యూటీపార్లర్ అమ్మాయికి ముందే చెప్పాలి. బంగారు గాజులతో కలిపి ఒకే డబ్బాలో వేస్తే గీతలు పడతాయి, విడిగా గుడ్డ సంచిలో పెట్టు. నెలల తరబడి బీరువాలో గాలాడకుండా ఉంచినా పాడవుతాయి, వేసుకుంటుండాలి.

నా జాకెట్టు కొలతలు మారలేదు, పాతదే టైలర్‌కి ఇవ్వు. చీర ఆకుపచ్చ అంచుదే తీసుకో. నాన్న బీపీ మాత్రలు మార్చారా? నానమ్మ మోకాళ్లకి ఇక్కడి పట్టీలు తెస్తున్నాను.

గొలుసు ఆ షాపులోనే ఉంచి వచ్చారో ఇంటికి తెచ్చారో ఎవరూ సరిగ్గా చెప్పలేదు. అక్కడుంటే రేపే వెళ్లి తెచ్చేసుకోండి. శనివారం రాత్రి ఫోన్ చేస్తాను.

నీ
పద్మ