పాత కారులో పాడైన పెట్రోలు కాలవ పాలు

ఎడిటర్ గారికి నమస్కారం,

ఈ మధ్య పాత అంబాసిడర్లు, ప్రీమియర్ పద్మినీలు మళ్ళీ రోడ్డెక్కుతున్నాయండి, పెళ్ళి ఫొటోలకని కొందరు, నాన్నగారి కారు అమ్మబుద్ధి కాక కొందరు బాగు చేయించుకుంటున్నారు. చాలా మంచి పని, అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది, ఉన్నవాటినే కాపాడుకోవాలి. కాకపోతే ఏళ్ళ తరబడి షెడ్డులో పడున్న కారుని స్టార్ట్ చేసే ముందు ట్యాంకులో పాత పెట్రోలు తీసేయాలి కదా, మనోళ్ళు అది తీసే తీరు, తీశాక పారబోసే తీరు చూస్తే నిజంగా భయమేస్తోంది.

విజయవాడ ఆటోనగర్‌లో ఒక షెడ్డులో కళ్ళారా చూశా. మీసాలు కూడా సరిగ్గా రాని కుర్రాడు ట్యాంకులోకి ట్యూబు దింపి నోటితో పీల్చాడు, నోట్లోకొచ్చింది ఉమ్మేసి నీళ్ళు పుక్కిలించి మళ్ళీ పనిలో పడ్డాడు, మేస్త్రి చూసి కూడా ఏమీ అనలేదు. ఆ పెట్రోలు కొంచెం ఊపిరితిత్తుల్లోకి పోయినా చాలు, ప్రాణం మీదికొస్తుంది. మింగితే వాంతి చేయించబోతారు కొందరు, అది అసలు చెయ్యకూడదు, పైకొచ్చేటప్పుడు ఊపిరితిత్తుల్లోకి పోతుంది కాబట్టి వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. చేత్తో నొక్కే రబ్బరు పంపు పెద్ద ఖరీదేం కాదు, కొన్ని ట్యాంకులకి అడుగున డ్రెయిన్ బోల్టు కూడా ఉంటుంది, ఆ పిల్లాడి నోరే ఎందుకు వాడాలండీ?

బయటికొచ్చిన పెట్రోలు టీ డికాషన్ రంగులో ఉంది, వార్నిష్ వాసన. ప్లాస్టిక్ బకెట్‌లో పట్టి తీసుకెళ్ళి పక్కనున్న మురిక్కాలవలో పోసేశారు. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు, నేలబారుగా పాకి గుంటల్లో, మూసిన కాలవల్లో నిలబడుతుంది, ఎక్కడో దూరంగా ఎవరైనా బీడీ ముట్టించినా అంటుకోవచ్చు. పైగా ఇది కృష్ణా డెల్టా, కింద ఊళ్ళల్లో మంచినీళ్ళ చెరువులు నిండేది కాలవ నీళ్ళతోనే.

ఈ బెడద ఇంకా పెరుగుతుంది కూడా. పెట్రోలు నిలవుంటే తేలికైన భాగం ఎగిరిపోయి మిగిలింది జిగురు కట్టి కార్బురేటర్ జెట్లు, అంటే ఇంజన్‌కి పెట్రోలు అందించే సన్నని రంధ్రాలు, మూసేయడం ఎప్పుడూ ఉన్నదే, ఇప్పుడు దానికి పెట్రోల్లో కలిపే ఇథనాల్ అనే ఆల్కహాల్ తోడైంది. 2022లో 10 శాతం, 2025కల్లా 20 శాతం. ఇథనాల్ గాల్లో తేమ లాగేసుకుంటుంది, ఆ తేమ మోతాదు మించితే నీళ్ళతో కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుక్కి చేరి ఇనప ట్యాంకుని లోపల్నుంచి తుప్పు పట్టిస్తుంది. ఇథనాల్ వద్దని నేననను, చెరకు, మొక్కజొన్న రైతుకి మేలే. కానీ పండక్కి ఒకసారి బయటికి తీసే పాత కారుకి ట్యాంకు ఖాళీ చేయించే పని మాటిమాటికీ పడుతుంది, తుప్పు చిల్లులకి వెల్డింగూ పడుతుంది. ఖాళీ ట్యాంకే కదా అని వెల్డింగ్ పెట్టేస్తారు చూడండి, అదే అన్నిటికంటే ప్రమాదం, లోపల మిగిలిన ఆవిరి చాలు ట్యాంకు పేలడానికి.

వాడేసిన ఇంజన్ ఆయిలుని డబ్బులిచ్చి మరీ కొనుక్కుపోయేవాళ్ళున్నారు, పాడైన పెట్రోలు మాత్రం ఎవరికీ అక్కర్లేదు, అందుకే కాలవ పాలవుతోంది. మెకానిక్‌లని తిట్టి లాభం లేదు, ఎక్కడ ఇవ్వాలో వాళ్ళకి ఎవరూ చెప్పలేదు. కార్పొరేషన్ వాళ్ళూ ఆటోనగర్ పెద్దలూ కూర్చుని నెలకో రోజు పెట్టి, మూతలున్న ఇనప డ్రమ్ముల్లో ఈ పెట్రోలు తీసుకునే ఏర్పాటు చెయ్యాలి. ప్రమాదకర వ్యర్థాల కేంద్రం మనకి విశాఖ దగ్గర పరవాడలో ఉంది, తెలంగాణ వాళ్ళకి హైదరాబాద్ దగ్గర దుండిగల్‌లో ఉంది, అక్కడికి పంపొచ్చు. బంకుల్లో ఒక బోర్డు పెట్టినా సగం మందికి తెలుస్తుంది. అప్పటిదాకా పాత కారున్నవాళ్ళు దయచేసి మీ మెకానిక్‌ని తీసిన పెట్రోలు ఏం చేస్తున్నావని ఒక్క మాట అడగండి, పంపు లేదంటే మీరే ఒకటి కొనివ్వండి.

ఇట్లు,
ఒక పాత కారు అభిమాని,
పటమట, విజయవాడ