పర్యాయపదాల పట్టిక ఒక్కటే చాలదు

సంపాదకులకు నమస్కారం.

మీ పోటీ పరీక్షల పేజీలో వచ్చే ఇంగ్లిష్ పదాల పట్టికను ఎస్‌ఎస్‌సీకి, బ్యాంకు ఉద్యోగాలకు చదివే పిల్లలు కత్తిరించి నోటుబుక్కుల్లో అంటించుకుంటారు. వాళ్లు అంతగా నమ్మే పేజీ కనుకే ఈ ఉత్తరం. ఒక మాట, ఎదురుగా నాలుగు పర్యాయపదాలు వేసి వదిలేస్తే బట్టీ వస్తుందే గానీ మాట రాదు.

'అక్యుమెన్' సంగతే చూడండి. మా పక్కింటి అమ్మాయి నోటుబుక్కులో దాని ఎదురుగా 'షార్ప్‌నెస్, ఇంటెలిజెన్స్, విజ్డమ్' అని ఉంది. సొంత వాక్యం రాయమంటే 'ఈ కత్తికి మంచి అక్యుమెన్ ఉంది' అని ఇంగ్లిష్‌లో రాసింది. తప్పు ఆ పిల్లది కాదు, పట్టిక చెప్పిందే రాసింది. లాటిన్‌లో అయితే ఆ వాడుక చెల్లేది కూడా. అక్కడ 'అకుయెరె' అంటే పదును పెట్టడం, 'అకూమెన్' అంటే మొన. బుద్ధి పదునుకూ అదే మాట వాడేవారు. 16వ శతాబ్దంలో ఇంగ్లిష్‌లోకి వచ్చాక మామూలు వాడుకలో బుద్ధి అర్థమే నిలిచింది. అదీ ఊరికే తెలివి కాదు. ఒక వ్యవహారంలో కీలకం ఎక్కడుందో చటుక్కున పట్టుకుని సరైన నిర్ణయం తీసుకునే నేర్పు. అందుకే ముందు 'బిజినెస్' అనో 'పొలిటికల్' అనో చేర్చి వాడతారు. అనుభవంతో వచ్చే వివేకం, అంటే విజ్డమ్, వేరే సంగతి.

ఈ మొన దొరికితే చాలా మాటలు వాటంతటవే విప్పుకుంటాయి. అక్యుపంక్చర్‌లో ఉన్న 'అకుస్' అంటే సూది. రావి ఆకు సాగిన కొసను బోటనీలో 'అక్యుమినేట్' అంటారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో ఇప్పుడు ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లిష్‌గా పుస్తకాలున్నాయి. లఘుకోణం ఎదురుగా 'అక్యూట్ యాంగిల్' అని ఉంటుంది. అదీ ఈ మొనే. గురుకోణానికి వాడే 'అబ్‌ట్యూస్' అంటే లాటిన్‌లో మొద్దుబారినది అని. విషయం బుర్రకెక్కని మనిషినీ ఇంగ్లిష్‌లో ఆ మాటే అంటారు. మనమూ కత్తి మొద్దుబారింది అంటాం, చదువెక్కని పిల్లాణ్ని మొద్దు అంటాం. కుశాగ్రబుద్ధి అన్నప్పుడు చెప్పేది దర్భ కొస గురించే. తెలుగు మీడియంలో చదివిన పిల్లలకు ఈ దారి ముందే తెలుసు. చూపించేవాళ్లే లేరు.

అందుకని నా విన్నపం: రోజూ అన్ని మాటలు వేసే బదులు మూడే వేయండి. ప్రతి మాటకూ అది ఎక్కడి నుంచి వచ్చిందో, దేనితో జతగా వాడతారో, ఎక్కడ వాడకూడదో రెండు వాక్యాలతో చెప్పండి. ఉచ్చారణ కూడా ఇవ్వండి. 'అక్యుమెన్'లో మొదటి అక్షరాన్ని ఒత్తి పలికినా, 'క్యూ'ను ఒత్తి పలికినా నిఘంటువులు ఒప్పుకుంటాయని తెలిస్తే ఇంటర్వ్యూకు వెళ్లే పిల్లలకు కొంత టెన్షన్ తగ్గుతుంది. ఈ పని చేసిపెట్టగల రిటైరైన ఇంగ్లిష్ టీచర్లు ప్రతి జిల్లాలో ఉన్నారు. మీరు అడిగితే నేనూ రాసిస్తాను.

– ఒక విశ్రాంత ఇంగ్లిష్ ఉపాధ్యాయురాలు, తెనాలి