నీ గేమ్ ఆగి ఆగి కదులుతోందన్నావు కదా

చిట్టితల్లీ,

మొన్న ఫోన్‌లో నీ గొంతు వింటేనే తెలిసిపోయింది, ఏడుపు ఆపుకుంటున్నావని. నెల రోజులుగా కూర్చుని రాసుకున్న గేమ్‌లో శత్రువులు ఎక్కువయ్యేసరికి తెర ఆగి ఆగి కదులుతోందన్నావు. "ఈ కంప్యూటర్‌తో నావల్ల కాదు నాన్నా" అన్నావు. కొత్తది కొనే సంగతి తర్వాత మాట్లాడుకుందాం. నువ్వు ఫోన్ పెట్టేశాక గుర్తొచ్చినవి కొన్ని రాస్తున్నాను.

1978లో జపాన్‌లో తొమోహిరో నిషికాడో అనే ఆయన స్పేస్ ఇన్వేడర్స్ అనే గేమ్ తయారుచేశాడు. అచ్చం నీ ఇబ్బందే ఆయనకూ వచ్చింది. తెర మీద 55 మంది శత్రువులు. అందర్నీ కదిలించడం అప్పటి ప్రాసెసర్‌కి తలకు మించిన పని, అందుకే మెల్లగా నడిచేవాళ్లు. ఒక్కొక్కరే చస్తుంటే పని తగ్గి, మిగిలినవాళ్లు వేగం పుంజుకునేవాళ్లు. ఆఖరివాడైతే పరుగే పరుగు. నిషికాడో దాన్ని సరిచేయలేదు, అలాగే ఉంచాడు. ఆడేవాళ్లకి చివర్లో అంత టెన్షన్ పుట్టేది దానివల్లే. వీడియో గేమ్‌ల చరిత్ర మొత్తంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి ఇది.

అంతకు ముందు ఏడాదే అటారీ 2600 వచ్చింది, టీవీకి తగిలించుకుని ఆడుకునే పెట్టె. దాని ర్యామ్, అంటే ఆట నడుస్తున్నప్పుడు అన్నీ గుర్తుపెట్టుకునే చోటు, 128 బైట్లు. కిలోబైట్లు కాదు తల్లీ, బైట్లు. ఇప్పుడు తెలుగులో ఒక్కో అక్షరానికీ, ఒక్కో గుణింతపు గుర్తుకీ మామూలుగా మూడేసి బైట్లు పడతాయి. లెక్కవేసి చూడు, ఈ ఉత్తరంలో మొదటి వాక్యం కూడా అందులో పట్టదు. తెర మొత్తాన్ని దాచుకునే చోటే లేదు కాబట్టి, టీవీ ఒక్కో గీతా గీస్తుంటే అందులో ఏముండాలో ప్రోగ్రామ్ అప్పటికప్పుడు చెబుతూ పోవాలి.

1985లో వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్ మొత్తం కలిపి 40 కిలోబైట్లు. అందులో మబ్బు, పొద ఒకటే బొమ్మ. తెలుపు వేస్తే మబ్బు, పచ్చ వేస్తే పొద. చిన్నప్పుడు అన్నిసార్లు ఆడావు, ఎప్పుడైనా గమనించావా? నేను గమనించలేదు. ఆ సంగతి తెలిశాక మళ్లీ పెట్టుకుని, ఆడటం మానేసి ఆ పొదల్నే చూస్తూ ఉండిపోయాను.

మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ 1984లో, పైనుంచి పడే ముక్కల్ని పేర్చే టెట్రిస్ గేమ్ రాసిన కంప్యూటర్‌లో అసలు బొమ్మలు వేసే వీలే లేదు. బ్రాకెట్ గుర్తుల్ని పక్కపక్కన పేర్చి ముక్కలు చేశాడు.

నువ్వు శత్రువులందర్నీ ప్రతి ఫ్రేమ్‌లోనూ, అంటే తెర మీద బొమ్మ మారిన ప్రతిసారీ, కదిలిస్తున్నావా? సగం మందిని ఒక ఫ్రేమ్‌లో, మిగతా సగాన్ని తర్వాతి ఫ్రేమ్‌లో కదిపి చూడు. ఒక్కొక్కరికీ బొమ్మ ఫైలు మళ్లీ మళ్లీ తెరుస్తున్నావేమో, అదీ చూసుకో. ఆదివారం ఫోన్ చేస్తాను, ఏమైందో చెప్పు. మొదట ఆడేది తనేనని అమ్మ ఇప్పటికే చెప్పేసింది.

నీ నాన్న