గూన్ షో వినరా మూర్తీ

ఒరేయ్ మూర్తీ,

నీ ఉత్తరం అందింది. పరిషత్తులో మీ నాటికకి బహుమతి రాలేదని మూడు పేజీలు తిట్టావు. జడ్జీల గొడవ నాకొద్దు, అది ఏటా ఉండేదే. కానీ చివర్లో "సౌండు వేసేవాణ్ణి మనిషి కింద కూడా లెక్కెయ్యరు" అన్నావు చూడు, అది చదవగానే నీకు గూన్ షో సంగతి చెప్పి తీరాలనిపించింది. ఈ మధ్య రాత్రిళ్ళు ఫోన్లో అదే వింటున్నాను. ఒక్కణ్ణే కూర్చుని ఎందుకు నవ్వుతున్నానా అని మా ఆవిడ తలుపు తీసి చూసి వెళ్తోంది.

బీబీసీ రేడియోలో 1951 మే నుంచి 1960 జనవరి దాకా వచ్చిన కామెడీ అది. మొదటి ఏడాది పేరు 'క్రేజీ పీపుల్', తర్వాత 'గూన్ షో' చేశారు. 10 సిరీస్‌లు, 230కి పైగా ఎపిసోడ్లు. స్పైక్ మిల్లిగన్, పీటర్ సెల్లర్స్, హ్యారీ సీకమ్. ఈ ముగ్గురే ఊరంతటి గొంతులూ పలికించేస్తారు. మొదట్లో మైకేల్ బెంటీన్ అని నాలుగోవాడు ఉండేవాడు, రెండు సిరీస్‌లయ్యాక తప్పుకున్నాడు. మధ్యమధ్య ఒక మౌతార్గన్ పాట, ఒక జాజ్ పాట వస్తాయి. బాగానే ఉంటాయిగానీ, నిజం చెప్పాలంటే నేను వాటిని దాటేసి ముందుకెళ్ళిపోతాను.

ముందు నీ సబ్జెక్టుకే వస్తా. స్క్రిప్టు రాసేది ఎక్కువగా మిల్లిగనే. అతగాడికి డైలాగెంతో చప్పుడూ అంతే. గుర్రం డెక్కలు, తలుపు చప్పుడుతో సరిపెట్టుకునే రోజుల్లో, గోడ ఎక్కుతున్న చప్పుడు కావాలి, గోడ నడిచి వెళ్తున్న చప్పుడు కావాలి అని స్క్రిప్టులో రాసి ఇచ్చేవాడు. సీకమ్ ఒక కథ చెప్పేవాడు. మెత్తటిదేదో గోడకేసి కొట్టిన చప్పుడు కావాలని మిల్లిగన్ బీబీసీ క్యాంటీన్‌కి వెళ్ళి కస్టర్డ్ చేయించాడట. పాపం, ఒంట్లో బాలేదేమో అనుకుని క్యాంటీనామె శ్రద్ధగా చేసి ఇచ్చిందట. ఈయన థాంక్స్ చెప్పి, ఆవిడ ఎదురుగానే కాలి మేజోడు విప్పి, కస్టర్డంతా అందులో పోసుకుని స్టూడియోకి పరిగెత్తాడట. అంతా చేస్తే ఆ చప్పుడు ఆయన అనుకున్నట్టు రానేలేదు! ఆవిడ మొహం ఎలా పెట్టిందో ఎవరూ చెప్పలేదుగానీ, నాకు మాత్రం కళ్ళకు కట్టినట్టుంది.

తర్వాత 1958లో బీబీసీ 'రేడియోఫోనిక్ వర్క్‌షాప్' అని ప్రత్యేకంగా శబ్దాల కోసమే ఒక విభాగం పెట్టింది. అక్కడ తయారైన తొలి చప్పుళ్ళలో బాగా పేరొచ్చింది ఏదో తెలుసా? మేజర్ బ్లడ్‌నాక్ కడుపు! బ్లడ్‌నాక్ అంటే సెల్లర్స్ పాత్ర, ఇండియాలో పనిచేసొచ్చిన తెల్ల ఆఫీసరు. పిరికి, దొంగ, లంచగొండి, కూర అంటే చెవి కోసుకునే రకం. ఆ కూర లోపలికి వెళ్ళి చేసే గలాటా ఉందే, గుడగుడలు, బుడగలు, ఉన్నట్టుండి ఒక పేలుడు, ఆ వెనకే మేజరుగారి ఆర్తనాదం. వందల ఏళ్ళ సామ్రాజ్యం ఆఖరికి మరుగుదొడ్డి వైపు పరిగెత్తుతున్నట్టుంటుందిరా. సౌండువాడికి ఇంతకన్నా గౌరవం ఎవరిస్తారు?

ఈ కూర సంగతి మిల్లిగన్‌కి ఎలా తెలుసంటావా, అతను పుట్టిందే ఇక్కడ. 1918లో అహ్మద్‌నగర్‌లో. తండ్రి ఐర్లండ్‌వాడు, బ్రిటిష్ ఇండియన్ ఆర్మీలో ఉద్యోగం. పిల్లవాడు పూనా కంటోన్మెంటులోనూ తర్వాత రంగూన్‌లోనూ పెరిగి, ఆ తర్వాత లండన్ చేరాడు. సెల్లర్స్ కూడా యుద్ధకాలంలో వైమానిక దళం వినోద బృందంతో ఇండియా అంతా తిరిగి, ఆఫీసర్ల గొంతులన్నీ పట్టేశాడు. బ్లడ్‌నాక్ ఊరికే ఊహలోంచి ఊడిపడ్డవాడు కాదు.

మిల్లిగన్, సీకమ్ కలిసింది కూడా యుద్ధంలోనే, ఉత్తర ఆఫ్రికాలో. మిల్లిగన్ వాళ్ళ దళం పెద్ద ఫిరంగి ఒకటి జారి కొండ మీంచి కింద పడింది. కింద చిన్న లారీలో సీకమ్ ఉన్నాడు, కొద్దిలో తప్పింది. కాసేపటికి మిల్లిగన్ వచ్చి తల లోపల పెట్టి "ఇక్కడెవరైనా ఫిరంగి చూశారా?" అన్నాడట. సీకమ్ "ఏ రంగుది?" అన్నాడట. జరిగిందో, చెప్పగా చెప్పగా ఇలా తయారైందో! నాకైతే తర్వాతి తొమ్మిదేళ్ళ షో మొత్తం ఆ రెండు ముక్కల్లోనే ఉందనిపిస్తుంది.

ఎందుకంటే వినగా వినగా అర్థమయ్యేది ఇదే. ప్రతి వారం ఏదో ఒకటి పేలుతుంది, ఎవడూ చావడు. బ్లూబాటిల్ అని ఒక స్కౌటు కుర్రాడున్నాడు, కీచుగొంతు, అదీ సెల్లర్సే. స్క్రిప్టులో బ్రాకెట్లలో ఉన్న సూచనలు కూడా పైకి చదివేస్తాడు. 'ప్రవేశించును, చప్పట్ల కోసం ఆగును' అని తనే చెప్పుకుని, చప్పట్లు రాకపోతే నొచ్చుకుంటాడు. చివరికి ఎవరో వాడి చేతిలో బాంబు పెడతారు, ఢామ్మంటుంది, "దుర్మార్గుల్లారా, నన్ను చంపేశారు!" అని ఏడుస్తాడు. పై వారం మళ్ళీ హాజరు. ఇది రాసినవాడు 1944 జనవరిలో ఇటలీలో, కసీనో అనే ఊరి దగ్గర మోర్టారు గుండు దెబ్బ తిన్నవాడు. ఒంటికి తగిలిన గాయం మానింది, లోపలిది మానలేదు. అది తెలిశాక ఆ ఢామ్ వేరేగా వినిపిస్తుంది. నవ్వు ఆగదనుకో. కానీ వేరేగా వినిపిస్తుంది.

పైగా ఏడాదిలో ఆరేడు నెలలపాటు వారానికో ఎపిసోడు రాయాలి. లారీ స్టీఫెన్స్, ఎరిక్ సైక్స్ లాంటివాళ్ళు సాయపడేవారుగానీ, బరువంతా ఇతని మీదే. 1952 చివర్లో మనసు పూర్తిగా దెబ్బతిని, కత్తి పట్టుకుని సెల్లర్స్ ఇంటి మీదికి వెళ్ళాడు, ఆసుపత్రిలో పెట్టారు. ఆ సిరీస్‌లో చాలా ఎపిసోడ్లు అతను లేకుండానే నడిచాయి. మళ్ళీ వచ్చి రాశాడు. గొప్పవన్నీ ఆ తర్వాతవే. అలా అని బాధపడితేనే కామెడీ పుడుతుంది అనే కబుర్లు నా దగ్గర చెప్పకు. ఆ మనిషి జీవితాంతం ఆ జబ్బుతో ఎంత నలిగాడో తనే దాచకుండా చెప్పుకున్నాడు.

ఇంకో ముక్క. బ్రిటన్ కోసం యుద్ధం చేసిన మిల్లిగన్‌కి 1960ల మొదట్లో అక్కడ పాస్‌పోర్టు తంటా వచ్చింది. కొత్త చట్టం వచ్చింది, ఈయన పుట్టింది ఇండియా, తండ్రి పుట్టింది ఐర్లండ్. విధేయత ప్రమాణం చేస్తే ఇస్తామన్నారు. నేనా, ప్రమాణమా అని ఐర్లండ్ పౌరసత్వం తీసేసుకున్నాడు. అచ్చం వాళ్ళ షోలో సీనులాగే లేదూ?

రేడియోకే సాధ్యమైన హాస్యం అని అందరూ అంటారు. అది ఎంత నిజమో ఈ ఒక్క బిట్టు వింటే తెలుస్తుంది. ఎకల్స్ అని ఒక వెర్రిబాగులవాడు, మిల్లిగన్ గొంతు. టైమెంతరా అని బ్లూబాటిల్ అడుగుతాడు. ఎకల్స్ జేబులోంచి కాగితం తీస్తాడు. పొద్దున ఎవరో మంచాయన దాని మీద టైము రాసిచ్చాడట, ఎనిమిది గంటలు. ఎవరడిగినా అది చూపిస్తాడు. మరి ఎనిమిది కానప్పుడు అడిగితే? అప్పుడు చూపించడు! బ్లూబాటిల్‌కి ఆ కాగితం తెగ నచ్చేసి, తనకూ ఒకటి కావాలంటాడు. ఇద్దరూ ఎంత సీరియస్‌గా మాట్లాడుకుంటారంటే, వాచీ పెట్టుకున్న మనమే తెలివితక్కువవాళ్ళమా అనిపిస్తుంది. దీన్నే స్టేజీ మీద వేస్తే ఇద్దరు పెద్దమనుషులు కాగితం పట్టుకుని నిలబడి ఉంటారు, అంతే.

అన్నీ ముత్యాలేనని అనను. కొన్ని వారాలు ఊతపదాలతోనే నెట్టుకొచ్చేస్తారు, హాల్లో జనం ఆ పదం రాగానే నవ్వుతారు, మనకి ఏమీ అనిపించదు. లాల్‌కాకా, బెనర్జీ అని ఇద్దరు ఇండియన్ పాత్రలొస్తాయి, ఆ యాస సెల్లర్సూ మిల్లిగనూ కలిసి పలికిస్తారు. ఆ గొంతులు ఎక్కడో దగ్గర్నుంచి విని పట్టినవే, నేనూ నవ్వాను. కానీ జాజ్ పాడే రే ఎలింగ్టన్ ఒంటిరంగు మీద వేసే జోకులున్నాయే, అవి వింటుంటే ఇబ్బందిగా ఉంటుంది. ఆ కాలం అంతే అని వదిలెయ్యాలని నాకు లేదు.

ఇప్పుడు నువ్వు చెయ్యాల్సింది చెప్తాను. మొదటి ఎపిసోడు నుంచి వింటానని పట్టుబట్టకు. మొదటి రెండు సిరీస్‌ల రికార్డింగులు బీబీసీ దాచనేలేదు. 1954 సెప్టెంబరులో మొదలైన అయిదో సిరీస్‌తో మొదలుపెట్టు. 'డ్రెడెడ్ బ్యాటర్ పుడ్డింగ్ హర్లర్' అని ఒకటుంది. యుద్ధకాలం, సముద్రపొడ్డున బెక్స్‌హిల్ అనే ఊరు, దీపాలార్పిన చీకట్లో ఎవడో జనం మీద పుడ్డింగులు విసురుతుంటాడు. వాడి కోసం ఆఫ్రికా దాకా వెళ్ళి, చివరికి అందరూ పడవలో ఆకలితో అలమటిస్తుంటారు. తినడానికి ఉన్నది ఒక్క పుడ్డింగే, అది కాస్తా కేసులో సాక్ష్యం! తర్వాత 'నెపోలియన్స్ పియానో', 1955ది. ఒక గదిలో పియానో ఇంకో గదిలోకి జరిపితే 5 పౌండ్లు ఇస్తామంటే సీకమ్ పాత్ర సంతకం పెట్టేస్తాడు. మొదటి గది పారిస్‌లో లూవ్ర్ మ్యూజియంలో ఉందని తర్వాత తెలుస్తుంది. ఆ పియానో మీదే సముద్రం దాటుకుని వస్తారు. మూడోది డార్ట్‌మూర్ జైలు కథ. అందులో జైలు జైలంతా సముద్రం మీద షికారుకెళ్తుంది, దాని స్థానంలో అట్టముక్కలతో చేసిన జైలు నిలబెడతారు.

ఫోన్ స్పీకర్లో వినకు, ఇయర్‌ఫోన్లు పెట్టుకో. ఇంగ్లీషు స్పీడుగా ఉంటుంది, మొదటిసారి సగం అర్థం కాదు. టెన్షన్ పడకు, రెండోసారికి చెవి అలవాటు పడిపోతుంది. పియానోది రెండుసార్లూ వినేదాకా మాత్రం నాకు ఫోన్ చెయ్యకు. చెల్లెమ్మకి నమస్కారాలు చెప్పు. పిల్లలకి బ్లూబాటిల్‌ని వినిపించు, వాళ్ళకి నీకన్నా ముందే అర్థమవుతాడు.

నీ
రఘు